మా కాలనీ పార్కు వేసిన కడియం డిజైనర్ పని ఎలా ఉందంటే

మాది భీమవరం దగ్గర, చేపల చెరువు పూడ్చి లేఅవుట్ వేసిన కాలనీ. పార్కుకని వదిలిన ఇరవై సెంట్లలో ఆగస్టు వస్తే మోకాలి లోతు నీళ్లు. మెరక చేసి టైల్స్ పరిచేద్దామని ఇద్దరు కాంట్రాక్టర్లూ అన్నారు.

కడియం నర్సరీలో పరిచయమైన ల్యాండ్‌స్కేప్ డిజైనర్ మాత్రం వాన కురుస్తుండగా గొడుగేసుకుని వచ్చి, నీళ్లు ఎటు పారుతున్నాయో చూసుకుని వెళ్లారు. రెండోసారి అమెరికాలోని బోస్టన్ నగరం మ్యాప్ తెచ్చారు. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే అమెరికన్ ల్యాండ్‌స్కేప్ డిజైనర్ 1878 నుంచి అక్కడ వరుస పార్కులు గీశారు. వాటిలో బ్యాక్ బే ఫెన్స్ అనే పార్కు స్థలం అప్పట్లో సముద్రపు పోటూ మురుగూ కలిసి కంపు కొట్టిన బురద నేల. దాన్ని పూడ్చేయకుండా వరద నీరు వచ్చి నిలిచి, మెల్లగా పోయేలా మలిచి, ఉప్పునీటికి తట్టుకునే గడ్డి పెంచారు. 1910లో చార్లెస్ నదికి ఆనకట్ట కట్టాక ఉప్పునీరు ఆగిపోయి ఆ గడ్డి నిలవలేదట. అది వింటే నాకు బాధేసింది.

మాకూ పల్లం పల్లంలాగే ఉంచారు. చుట్టూ నడక దారి అడుగున్నర ఎత్తు లేపి, పల్లం నుంచి మురుగు కాలువలోకి తూము పెట్టారు. గట్టు మీద కానుగ, తెల్లమద్ది. మొన్న రాత్రి వానకి నిండిన నీళ్లు మర్నాడు మధ్యాహ్నానికి తీసేశాయి. తూము జాలీకి చిక్కిన ఆకులు, పాలిథిన్ కవర్లు మా నాన్నగారు చేత్తో తీస్తుంటే, పక్కనే కొంగ ఒకటి కదలకుండా నిలబడింది.

మొక్కలు నాటడం నెల ఆలస్యమైంది, ఆ టెన్షన్ మాత్రం పడ్డాం. జాలీ వారానికోసారి శుభ్రం చేయాలని ముందే చెప్పుంటే బాగుండేది. పిలిచేవాళ్లు వానాకాలంలోనే స్థలం చూపించండి.