మౌర్టెన్ బైకార్బ్ సిస్టమ్: వంటసోడాకు ఇంత ధరా?

పొట్లంలో ఉన్నది సోడియం బైకార్బొనేటే, అంటే పచారీ కొట్లో దొరికే వంటసోడాయే. అయినా స్వీడన్ కంపెనీ మౌర్టెన్ 2023లో క్రీడాకారుల కోసం తెచ్చిన ఈ పెట్టె, నాలుగు మోతాదులకే 65–70 డాలర్ల దాకా పలుకుతోంది. ఆ డబ్బు సోడాకు కాదు, దాన్ని గొడవ లేకుండా కడుపు దాటించే జెల్‌కు.

పరిశోధనల్లో ఎక్కువగా వాడే మోతాదు ఒంటి బరువు కిలోకు 0.3 గ్రాములు. 60 కిలోల మనిషికి 18 గ్రాములు. మందుల షాపు 500 మిల్లీగ్రాముల బిళ్లలైతే 36 మింగాలి. అంత సోడా నీళ్లలో కలుపుకుని తాగితే జీర్ణాశయంలోని ఆమ్లం తగిలి కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది. ఉబ్బరం, త్రేన్పులు, వాంతి. పైగా అంత సోడియం పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాలు పట్టిస్తుంది. అసలు ఇదెందుకంటే, రక్తంలో బైకార్బొనేట్ పెరిగితే గట్టి శ్రమలో కండరాల్లో ఆమ్లత్వం పెంచే హైడ్రోజన్ అయాన్లు త్వరగా బయటికొస్తాయి, కాళ్లు అలసిపోవడం కాస్త ఆలస్యమవుతుంది. కానీ పరుగుకు ముందే మరుగుదొడ్డి చుట్టూ తిరిగితే ఆ లాభం ఏం మిగులుతుంది?

తయారీ తేలికే. జెల్ పొడిని చెప్పిన కొలత నీళ్లలో వేసి గిలక్కొట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. బాగా గడ్డకట్టాకే చిన్న చిన్న సోడా గుళికలు కలపాలి. చూడ్డానికి సగ్గుబియ్యం జావలా ఉంటుంది. పోటీకి గంటన్నర, రెండు గంటల ముందు చెంచాతో తినాలి, నమలకూడదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: గుళిక పంటి కింద నలిగితే సోడా కడుపులోనే విడుదలై, మామూలు సోడా తాగినట్టే అవుతుంది. ముందే కలిపి పెట్టుకున్నా గుళికలు నానిపోతాయి. రుచి గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

ఎవరికి పనికొస్తుంది? అర నిమిషం నుంచి పన్నెండు నిమిషాల దాకా సాగే గట్టి శ్రమకు ఆధారాలు బలంగా ఉన్నాయి: 800, 1500 మీటర్ల పరుగు, రోయింగ్ వంటివి. పొడవు పోటీల్లో ఆధారాలు తక్కువే. అయితే ఇదే జెల్‌తో 40 కిలోమీటర్ల సైకిల్ టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే పందెం) చేయిస్తే సుమారు 1.4 శాతం సమయం తగ్గింది. పాల్గొన్నది మాత్రం కొద్దిమంది మగ సైక్లిస్టులే. నెమ్మదిగా సాగే మారథాన్‌కు కొనడం దండగ. మన దగ్గర కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు ఈ పరిధిలోకే వస్తుంది. కానీ సరైన ఇంటర్వెల్ శిక్షణ (వేగంగా పరిగెత్తడం, మధ్యలో కాస్త ఆగడం) లేనివాళ్లకు ఈ డబ్బు బూట్లకు పెట్టడం మేలు.

18 గ్రాముల సోడాలో దాదాపు 5 గ్రాముల సోడియం ఉంటుంది. రోజుకు 2 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు దీని జోలికే పోకూడదు.

మామూలు వంటసోడాతో చవకగా ప్రయత్నించాలంటే ఒంటి బరువు కిలోకు 0.2 గ్రాములతో మొదలుపెట్టండి. చెంచా లెక్కన కాదు, త్రాసు మీద తూచి, మూడు నాలుగు భాగాలు చేసి, గంట వ్యవధిలో అన్నమో అరటిపండో తింటూ, నీళ్లు బాగా తాగుతూ తీసుకోవాలి. మొదటిసారి సాధనలోనే, పోటీ రోజున కాదు. బేకింగ్ పౌడర్, ఈనో దీనికి పనికిరావు. వాటిలో ఉండే ఆమ్లం గ్లాసులోనే సోడాను ఖర్చు చేసేస్తుంది. బట్టల సోడా వేరే రసాయనం, నోట్లో పెట్టకూడదు.