నాన్న లివర్ జబ్బుకు మూడేళ్లుగా వీడియో వైద్యం: మా అనుభవం

మా నాన్నకు సిరోసిస్ అని, అంటే లివర్ గట్టిపడి పాడైపోయిందని తేలి నాలుగేళ్లయింది. మందు ఒక్క చుక్క కూడా ముట్టని మనిషి. ఇరవై ఏళ్ల సుగర్, దాంతోపాటే ముదిరిన ఫ్యాటీ లివర్ అక్కడిదాకా తెచ్చాయి. అయినా చూడటానికి వచ్చినవాళ్లు "బాగా తాగేవారా?" అని అమ్మను అడిగేవాళ్లు.

మేముండేది మార్కాపురం దగ్గర పల్లెలో. లివర్ డాక్టరుగారు హైదరాబాద్‌లో. మొదటి ఏడాదంతా నెలకోసారి, పొట్టలో నీటితో, వాచిన కాళ్లతో నాన్నను రాత్రి బస్సులో తీసుకెళ్లి, పది నిమిషాలు చూపించి మళ్లీ రాత్రి బస్సెక్కించేవాణ్ని. ఆ ప్రయాణానికి ఆయన రెండు రోజులు మంచం దిగలేకపోయేవారు. ఇప్పుడు మూడేళ్లుగా చాలావరకు వీడియో కాల్‌లోనే నడుస్తోంది.

కాల్‌కు రెండు రోజుల ముందు ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాడు. లివర్, కిడ్నీల పరిస్థితి చెప్పే బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, సోడియం రిపోర్టు వాట్సాప్‌లో పంపుతాను. కానీ డాక్టరుగారు ముందు అడిగేది మా నోట్‌బుక్. పొద్దున్నే కాఫీ తాగకముందు బరువు, బీపీ, నిన్న ఎన్నిసార్లు మోషన్ అయింది, రాత్రి నిద్ర పట్టిందా. రోజూ ఇవే. ఈ నోట్‌బుక్ లేకుండా చేసిన మొదటి రెండు కాల్స్ వల్ల మాకు ఏ ఉపయోగమూ కనపడలేదు.

ఒక మే నెలలో బరువు నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది. అంకెలు వినగానే డాక్టరుగారు "పెద్దాయనా, ఈ వారం పచ్చడి ఏం తిన్నారు?" అన్నారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. "కొత్తావకాయండీ, రెండు ముద్దలే." నీటిమాత్ర (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపేది) పెంచకుండానే, అమ్మను పిలిచి రోజు మొత్తానికి ఒక చెంచా ఉప్పు కొలిచి చూపించమన్నారు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ ఉప్పు విడిగా చిన్న గిన్నెలో పెడుతుంది అమ్మ. నాన్న వంటలన్నిటికీ అదే. ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ కాగితం ఏడాదిగా గోడ మీదే ఉంది, కానీ మార్పు వచ్చింది మాత్రం మా వంటింటిని డాక్టరుగారు చూశాకే.

ఇంకోసారి పెళ్లికి వెళ్తూ దారిలో ఇబ్బందని నాన్న విరేచనాల సిరప్ మానేశారు. మూడు రోజులు మోషన్ లేదు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. అలసట అనుకున్నాం. కాల్‌లో డాక్టరుగారు "బస్సు ఆపుతున్నట్టు రెండు చేతులూ చాపి అరచేతులు నిలబెట్టండి" అన్నారు. నాన్న అరచేతులు రెక్కల్లా వాలి లేస్తున్నాయి. లివర్ వడకట్టలేని విషపదార్థాలు మెదడు మీద పనిచేస్తున్నాయని అప్పుడు తెలిసింది. ముందు సుగర్ చూడమని, సిరప్ డోసు పెంచి వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పారు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా మోషన్ అవ్వాలన్నది ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకూ తెలుసు.

చేదు అనుభవం కూడా చెప్పాలి. మా డాక్టరుగారు సెలవులో ఉన్నప్పుడు ఒక యాప్‌లో దొరికిన వేరే డాక్టరుకు చూపించాను. కాళ్లు చూపించమనలేదు, పాత రిపోర్టులు అడగలేదు, నీటిమాత్రలు రెట్టింపు చేశారు. వారంలో ఐదు కిలోలు తగ్గితే సంతోషించాం. తర్వాత పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 2.3కి చేరి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కాళ్ల వాపు లేనప్పుడు రోజుకు అర కిలో మించి తగ్గకూడదట. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, మీ మనిషిని ముందు స్వయంగా చూసిన డాక్టరుతోనే వీడియో కాల్ పెట్టుకోండి.

జ్వరం, పొట్టనొప్పి కలిసి వచ్చిన రోజు మా డాక్టరుగారు ఒక్క నిమిషంలో ఫోన్ పెట్టేశారు. "ఇది ఫోన్‌లో చూసేది కాదు, పొట్టలో నీరు తీసి పరీక్ష చేయాలి, ఇప్పుడే బయల్దేరండి." ఒంగోలు తీసుకెళ్లాం. ఆ నీటిలో ఇన్ఫెక్షన్ ఉంది. రక్తపు వాంతి, నల్లటి విరేచనం వచ్చినా అంతే, కాల్ కోసం కూర్చోకూడదు. అలాగే నడుము నొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయని మాకు చెప్పింది కూడా ఆయనే.

మొదట్లో మెడికల్ షాపువాళ్లు ఫోన్‌లో ఉన్న చీటీకి మందులివ్వలేదు. 2020 మార్చిలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు సంతకంతో ఉన్న చీటీ ఫొటో చెల్లుతుంది. అది చూపించాక ఇబ్బంది లేదు. ఖర్చు విషయానికొస్తే, కాల్‌కు 700, ఇద్దరం వెళ్లొస్తే 6,000 పైనే.

ఎండోస్కోపీకి, లివర్‌లో గడ్డ ఏదైనా పుడుతోందేమో చూసే ఆర్నెల్ల స్కానింగ్‌కు మాత్రం వెళ్తూనే ఉన్నాం. అవి తప్పవు.

నోట్‌బుక్ ఇప్పుడు మూడోది. అంకెలు నాన్ననే రాయమన్నారు డాక్టరుగారు, మెదడు మీద ప్రభావం పడితే చేతిరాత ముందే చెబుతుందని. పెళ్లి వారంలో రాసిన పేజీలో అంకెలు గీత దాటి కిందికి జారిపోయి ఉన్నాయి. ఈ పొద్దున 64.2 అని రాశారు, గీత మీదే.