కాంటెంపరరీ డాన్స్ గ్రేడ్ 1 పరీక్ష: పద్నాలుగు నెలల తయారీపై నా సమీక్ష

ముందుగా నా సంగతి. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో డాన్స్ క్లాసులో చేరాను. అంతకుముందు ఏ డాన్సూ నేర్చుకోలేదు. ఉద్యోగం చూస్తే పొద్దస్తమానం కుర్చీలో కూర్చునేది. కాంటెంపరరీ, అంటే పాశ్చాత్య ఆధునిక నృత్యం నుంచి వచ్చిన డాన్స్ శైలి. అందులో గ్రేడ్ 1 పరీక్షకు తయారవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. వారానికి రెండు క్లాసులు, ఇంట్లో నాలుగు రోజులు అరగంట చొప్పున ప్రాక్టీసు. పరీక్ష పెట్టే బోర్డు వాళ్ల సిలబస్ పుస్తకం, దాని వీడియోలు, మ్యూజిక్ ట్రాకులు, ఈ మూడింటినీ అరిగిపోయేదాకా వాడాను. మా బ్యాచ్‌లో నేను తప్ప అందరూ పది పన్నెండేళ్ల పిల్లలే. వాళ్లకు నేను "అంకుల్"ని.

పరీక్ష ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. మా దగ్గర ముగ్గురిని ఒకేసారి లోపలికి పిలిచారు, ఛాతీకి నంబరు కాగితం. చెప్పుల్లేవు, సాక్సుల్లేవు, ఉత్త కాళ్లే. ముందు వామప్, తర్వాత ఫ్లోర్ వర్క్ (నేల మీద కూర్చుని, పడుకుని, దొర్లుతూ చేసేది), నిలబడి చేసే ఎక్సర్‌సైజులు, గది ఈ మూల నుంచి ఆ మూలకు కదిలే వరసలు, చిన్న డాన్సు ఒకటి, చివర్లో అప్పటికప్పుడు చేసే ఇంప్రొవైజేషన్. చూడ్డానికి అన్నీ చిన్నవే. గాల్లోకి ఎగిరి కాళ్లు చాపడాలు, గిరగిరా తిరగడాలు ఏమీ లేవు. అందుకే మొదట్లో తేలికనిపించింది.

వీడియోలు బాగా తీశారు. వాటితోనే ఆరు వారాల్లో వరసలన్నీ బట్టీ పట్టేశాను. ఇక మెరుగులు దిద్దుకోవడమే మిగిలిందనుకుని టీచరుకు మొత్తం చేసి చూపించాను. ఆవిడ నాకంటే పదేళ్లు చిన్నది. కాసేపు ఆలోచించి, "వరస మొత్తం వచ్చేసిందండీ, బరువే ఇంకా రాలేదు" అంది. నాకు అర్థం కాలేదు. నేనేమో బరువు తగ్గాలని చేరినవాణ్ణి! మిగతా ఏడాదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాను.

వీడియోలో ఆకారం కనిపిస్తుంది. ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది, ఎప్పుడు రెండో కాలికి మారింది అన్నది కనిపించదు. దానికి తోడు అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే. తెర మీద ఈ పక్క చేయి లేస్తే మనమూ ఈ పక్కదే లేపుతాం, తీరా చూస్తే అది వీడియోలో డాన్సర్ రెండో చేయి. అలా మూడు వరసలు తిరగేసి నేర్చుకున్నాను, మరిచిపోవడానికి నెల పట్టింది. వెనక నుంచి తీసినవి నాలుగైనా పెట్టి ఉండాల్సింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది రోల్ డౌన్. కాళ్లు ప్యారలల్‌లో, అంటే రెండు పాదాలూ సూటిగా ముందుకు చూసేలా పెట్టి నిలబడి, తల ముందుకు వంచి, వెన్నులో ఒక్కొక్క పూసనూ వదులుకుంటూ కిందికి దిగాలి. అలాగే ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పైకి రావాలి. దిగడానికి ఎనిమిది కౌంట్లు, లేవడానికి ఎనిమిది. నేను నడుము దగ్గర ఒక్కసారిగా మడిచేసి, ఐదో కౌంటుకే కిందికి చేరి, మిగతా మూడు కౌంట్లూ చేతులు వేలాడేసుకుని బస్సు కోసం చూస్తున్నట్టు ఉండేవాణ్ణి. టీచరు నన్ను గోడకు ఆనించి, మడమలు గోడకు అడుగు దూరంలో పెట్టించింది. ఇప్పుడు దిగితే ఏ పూస గోడను వదిలిందో తెలిసిపోతుంది. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుములో ఐదు, విడివిడిగా కదిలే వెన్నుపూసలు మొత్తం 24. నాకు మాత్రం మెడ ఉంది, నడుము ఉంది, మధ్యలో ఒక చెక్క ఉంది. ఆ చెక్కలో చీలిక రావడానికి మూడు వారాలు పట్టింది. ఒకరోజు భుజం ఎముకల మధ్య ఒక్క పూస విడిగా గోడ నుంచి ఊడింది, చొక్కా గుండీ ఊడినంత చిన్నగా. అదే క్షణంలో తల బరువు మెడను లాగడం మొదటిసారి తెలిసింది. మనిషి తల దాదాపు ఐదు కిలోలు ఉంటుంది. అప్పటిదాకా దాన్ని నేను దించుతున్నాను. ఆ రోజు అది నన్ను దించింది. టీచరు అన్న బరువు ఇదా అనుకున్నాను.

సిలబస్ పుస్తకం మీద నా ఫిర్యాదు ఒకటే. ఏం చెయ్యాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కాంట్రాక్షన్ అని రాసి పక్కన బొమ్మ వేశారు. ఆ బొమ్మ చూసి నెలల తరబడి పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ కూలబెట్టాను. నిజానికి అది ఊపిరి వదలడంతో మొదలయ్యే పని. వెన్ను సాగుతూనే లోపలికి వంపు తిరగాలి, కుదించుకుపోకూడదు. కాంట్రాక్షన్ (లోపలికి వంపు), రిలీజ్ (దాన్ని వదలడం) అనే ఈ జంట అమెరికన్ ఆధునిక నృత్యకారిణి మార్తా గ్రాహమ్‌ది. 1926లో సొంత బృందం పెట్టిన ఆవిడ ఊపిరి తీసి వదలడం నుంచే ఈ పద్ధతిని తయారుచేసుకుందని చదివాక, పొట్ట సంగతి వదిలేసి ఊపిరిని పట్టుకున్నాను. వారంలో తేడా కనిపించింది. చేతిని ఊయలలా పడేసి లేపే స్వింగూ అంతే. పడటం, తేరుకోవడం అన్న మరో అమెరికన్ నృత్యకారిణి డోరిస్ హంఫ్రీ ఆలోచన దాని వెనక ఉంది. చేతిని ఊపడం కాదు, పడనివ్వాలి, పడిన ఊపుతోనే పైకి రానివ్వాలి. ఈ రెండు ముక్కలు పుస్తకంలో వేసి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి.

మ్యూజిక్ ట్రాకులన్నీ పియానో మీదే. అన్ని నెలలు విన్నా విసుగు రాలేదు. కానీ మొదలయ్యే ముందు నాలుగు కౌంట్లే ఇచ్చారు. ఫోను నొక్కి, గది మధ్యకు పరిగెత్తి నిలబడేలోపు మొదటి కదలిక అయిపోతుంది. నెమ్మది ట్రాకులూ లేవు. ఫోనులో వేగం తగ్గించి పెట్టుకున్నాను. ఫ్లోర్ వర్క్‌కు అది బాగానే పనికొచ్చింది, స్వింగ్‌ను మాత్రం చెడగొట్టింది. పాట నెమ్మదించినా పడే చేయి దాని వేగంతోనే పడుతుంది కదా. పాటకు సరిపెట్టాలంటే చేతిని గాల్లో పట్టి ఉంచాలి, దాంతో నేర్చుకున్నది కాస్తా పోతుంది.

ఇక ట్రిప్లెట్. మూడు అడుగులు. మొదటిది మోకాలు వంచి కిందికి, తర్వాతి రెండూ మునివేళ్ల మీద పైకి. మూడు బేసి సంఖ్య కాబట్టి, ఒకసారి కుడికాలితో మొదలైతే తర్వాతిసారి ఎడమకాలితో మొదలవుతుంది. కాగితం మీద ఇంతే. గది దాటేటప్పుడు మాత్రం ప్రతిసారీ తనే దిగుతానని నా కుడికాలు పట్టుబట్టేది. "అంకుల్, మళ్లీ కుడికాలే!" అని వెనక నుంచి ఒక పాప అరిచేది. చివరికి మార్గం చెప్పింది కూడా ఆ పాపే. "లెక్కపెట్టకండి అంకుల్, దిగు, దిగు అనుకోండి చాలు." ఒకటి, రెండు, మూడు మానేసి, దిగాల్సిన చోట మాత్రం "దిగు" అనుకుంటూ నడిచాను. కాళ్లు వాటంతటవే మారాయి. ఇది ఏ వీడియోలోనూ లేదు.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. రెండో నెలలో బొటనవేలి కింద చర్మం పగిలింది. టేపు చుట్టుకుని చేస్తే తిరిగేటప్పుడు నేలకు అతుక్కునేది, సాక్సులు వేసుకుంటే జారేది. చివరికి రెండు వారాలు తిరగడాలు ఆపేసి మాననిచ్చాను. టైల్స్ మీద గెంతొద్దు, పిక్కలు పట్టేశాయి నాకు. దొర్లేటప్పుడు నేలకు ఎముక టక్కున తగిలితే ఎక్కడో బిగబట్టామని అర్థం. మోకాళ్ల మీద నీలి మచ్చలు తగ్గుతున్నాయంటే ఫ్లోర్ వర్క్ కుదురుతున్నట్టే.

ఇంప్రొవైజేషన్ అంటే నాకు గుండె దడ. ఏ వరసా లేకుండా ఎదురుగా ఎవరో కూర్చుని చూస్తుంటే ఏం చేస్తాం? నృత్య సిద్ధాంతకర్త రుడాల్ఫ్ లాబాన్ కదలికను బరువు, కాలం, స్థలం, ప్రవాహం అని నాలుగు రకాలుగా చూశాడు. ఒక్కోదానికి రెండు కొసలు: గట్టిగా లేదా తేలిగ్గా, ఠక్కున లేదా నిదానంగా, సూటిగా లేదా వంకరగా, బిగించి లేదా వదిలేసి. ఈ ఎనిమిదీ చీటీల మీద రాసి డబ్బాలో వేసుకున్నాను. రోజూ రెండు తీసి, రెండు నిమిషాలు ఆ రెండింటితోనే. "తేలిగ్గా, ఠక్కున" వచ్చిన రోజు ఈగను తోలుతున్నట్టు ఉండేది. సిగ్గేసేది. నెల తిరిగేసరికి దడ తగ్గింది. తయారీ మొత్తంలో నాకు ఖర్చు లేకుండా దొరికిన మంచి పరికరం ఈ డబ్బానే.

వీడియోలు చూసి ఇంట్లోనే తయారవుదామనుకునేవాళ్లకు మాత్రం నేను సరే అనను. బరువు మారిందో లేదో ఇంకో మనిషి చూసి చెప్పాల్సిందే. అద్దం కూడా చెప్పదు. చివరి రెండు నెలలు ఇంట్లో అద్దం మీద దుప్పటి కప్పేశాను.

పరీక్ష రోజు టెన్షన్‌లో ట్రిప్లెట్ తప్పు కాలితో మొదలుపెట్టాను. ఆగలేదు, "దిగు" అనుకుంటూ దాటేశాను. పక్కనున్న పాప నన్ను చూసి తనూ కాలు మార్చేసింది, బయటికొచ్చాక సారీ చెప్పాను. ఫలితం మెరిట్, అంటే పాస్ కంటే పైది, డిస్టింక్షన్ కంటే కిందిది. రిపోర్టులో లయకు, ఫ్లోర్ వర్క్‌కు మంచి మార్కులే పడ్డాయి. తగ్గింది చూపు దగ్గర. నేను డాన్సంతా నేల వైపే చూస్తూ చేశానట. పద్నాలుగు నెలలు కాళ్లే చూసుకున్న మనిషిని మరి. ఇప్పుడు ఎదుటి గోడ మీద కంటి ఎత్తులో పసుపు కాగితం అంటించి ప్రాక్టీసు చేస్తున్నాను. గ్రేడ్ 2 పుస్తకం వచ్చింది. దాని వీడియోలు ఇంకా తెరవలేదు.