ఆపరేషన్ తర్వాత నిద్ర కోసం విన్న రిలాక్సేషన్ ఆడియో: నా అనుభవం

రేటింగ్: 5కి 4

ఈ ఆడియో నొప్పిని తీసేయదు. నొప్పికి భయపడి మనం బిగబట్టుకునే ఒంటిని వదులు చేస్తుంది. నాకు అదే పెద్ద మేలు.

నాకు గాల్ బ్లాడర్ (పిత్తాశయం) ల్యాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌లో, తీశారు. కుట్లకంటే కుడి భుజం నొప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆపరేషన్ కోసం పొట్టలోకి పంపే కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) ఇబ్బంది పెడుతుందని, ఆ నొప్పి భుజంలో తెలుస్తుందని డాక్టర్ చెప్పారు. కారణం తెలిసినా రాత్రయ్యేసరికి టెన్షన్ పోయేది కాదు. భుజాలు బిగుసుకుని, ఊపిరి పైపైనే ఆడేది. నాకేమో పక్కకి తిరిగి పడుకునే అలవాటు. అలా పడుకోలేక నిద్ర అసలే పట్టేది కాదు.

ఫిజియోథెరపిస్ట్ ఇచ్చిన ఈ సెట్‌లో మూడు ట్రాక్‌లున్నాయి. మొదటిది శ్వాస. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలే శ్వాస నిడివి పెరిగితే గుండె వేగం నెమ్మదిస్తుంది. "కుట్లు లాగుతున్నట్టుంటే అక్కడే ఆగండి" అని ఆ గొంతు మధ్యమధ్యలో గుర్తుచేయడం బాగుంది.

అసలు విలువంతా రెండో ట్రాక్‌లో ఉంది. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే ఈ పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ దాదాపు వందేళ్ల కిందట రూపొందించారు. పాదాలు, పిక్కలు, తొడలు, పిడికిళ్లు, ముఖం ఇలా వరుసగా సాగుతుంది. ఒక్కో చోట కాసేపే బిగించి, అంతకు రెండుమూడింతల సేపు వదిలేయాలి. మామూలు రికార్డింగుల్లో పొట్ట కూడా బిగించమంటారు. ఇందులో మాత్రం పొట్టను ముట్టుకోకుండా నడుము కింద నుంచి నేరుగా చేతులకు వెళ్తారు. ఆపరేషన్ అయినవాళ్ల గురించి ఆలోచించి చేశారని అక్కడే తెలిసిపోయింది. దవడ వదలమన్నప్పుడు గానీ పళ్లు ఎంత గట్టిగా బిగించి ఉన్నానో నాకు తెలియలేదు.

మూడోది సముద్రతీరాన్ని ఊహించుకోమనే ట్రాక్. అలల చప్పుడు మాటల్ని మింగేస్తోంది, నాకు నచ్చలేదు. ఒక స్టార్ తగ్గించింది మాత్రం ప్రతి ట్రాక్ చివరా మోగే గంటకే. నిద్ర కోసం వినేదాని చివర గంటెందుకు? ఫోన్‌లో టైమర్ పెట్టుకుని గంట మోగేలోపే ఆడియో ఆగిపోయేలా చేసుకున్నాను.

డాక్టర్ రాసిన నొప్పి మాత్ర మానేసి దీన్నే నమ్ముకోవద్దు. మాత్ర వేసుకుని, అది పనిచేయడం మొదలయ్యే వేళకు ఆడియో పెట్టుకుంటే రెండూ కలిసి సాయపడతాయి. అర్ధరాత్రి మెలకువ వస్తే శ్వాస ట్రాక్ ఒక్కటే చాలు. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్టనొప్పి పెరుగుతున్నా ఆడియో పక్కనపెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ తేదీ ముందే తెలిస్తే అప్పటినుంచే రోజూ వినండి. నొప్పి మధ్యలో కొత్తగా నేర్చుకోవడం చాలా కష్టం.