చేపల తొట్టికి ఏ నీళ్లు మేలు: పంపువా, బోరువా, క్యాన్‌వా?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలి కొడుకు పోయిన నెల రెండడుగుల తొట్టి కొన్నాడు. కొన్న వారానికి ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, చేపలకి ఆర్వో క్యాన్ నీళ్లే పోస్తున్నా. మనం తాగేవే కదా, ఇబ్బందేం ఉండదుగా?" ఈ ఏడాది విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురు ఇదే అడిగారు. విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. ఫిల్టరు, మేత, వారానికి పావు వంతు నీళ్లు మార్చడం లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

క్యాన్ నీళ్ల సంగతి ముందు తేల్చేస్తాను. మూడేళ్ల కిందట నేనూ అవే పోశాను. పన్నెండు గప్పీలు ఉండేవి, నీళ్లు అద్దంలా మెరిసేవి. మూడో వారానికి చేపలు తోక విప్పడం మానేశాయి. విసనకర్రలా ఉండే తోక పుల్లలా ముడుచుకుపోయింది. ముందుకు ఈదకుండా ఉన్నచోటే అటూ ఇటూ వణికేవి. జబ్బనుకుని మందుల సీసాలు మార్చాను తప్ప నీళ్లను అనుమానించలేదు. నెల తిరిగేసరికి మూడు మిగిలాయి. ఆ దిగులు నాకు చాలాకాలం ఉంది.

ఆర్వో యంత్రం మురికితో పాటు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లను కూడా చాలావరకు తీసేస్తుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని ఫిల్టరులోని బ్యాక్టీరియా నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ క్రమంలో ఆమ్లం పుడుతుంది. దాన్ని అణిచిపెట్టేది బైకార్బొనేటే. అది లేని నీళ్లలో పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె (7 కంటే తగ్గితే ఆమ్లం), మెల్లగా జారుతూ పోతుంది. 6 కంటే కిందికి దిగితే ఆ బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది. పైగా గప్పీ, మోలీ, ప్లాటీ ఖనిజాలున్న నీళ్లలో హాయిగా బతికే చేపలు. డిస్కస్ చేపలు పెంచేవాళ్లు ఆర్వో వాడతారు నిజమే, కానీ వాళ్లు లవణాలు కొలిచి కలుపుకుంటారు. మొదటి తొట్టికి అదంతా వద్దు.

ఇక పంపు నీళ్లు. విజయవాడకైనా గుంటూరుకైనా మున్సిపాలిటీ ఇచ్చేది ప్రధానంగా శుద్ధి చేసిన కృష్ణా నీళ్లే. మరీ ఉప్పూ కాదు, మరీ చప్పనా కాదు. చాలా రకాల చేపలకు సరిపోతాయి. చిక్కల్లా క్లోరిన్‌తోనే. అది మొప్పల్ని కాలుస్తుంది, ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియానీ చంపుతుంది. బక్కెట్టులో పట్టి, గాలి మోటారు రాయి వేసి ఒక రోజు ఉంచితే పోతుంది. తొందరుంటే షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయొచ్చు. నదికి కొత్త నీరు వచ్చే రోజుల్లో మా పంపులో క్లోరిన్ వాసన ఎక్కువగా తెలుస్తుంది. అప్పుడు నేను రెండు రోజులు ఉంచుతాను.

బోరు నీళ్లను అందరూ ఉప్పు నీళ్లని తీసిపారేస్తారు. నేను వాటి పక్షాన కొంచెం గట్టిగానే మాట్లాడతాను. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, 900 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు 500, వేరే దారి లేనిచోట 2000. గప్పీలకీ, మోలీలకీ, గోల్డ్ ఫిష్‌కీ 900తో భయం లేదు. నియాన్ టెట్రాలకైతే నేను వాడను. గాజు మీద నీటిమట్టం దగ్గర తెల్లటి చార కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. అసలు జాగ్రత్త వేరే ఉంది. ఉప్పు బోర్లలో పీహెచ్ సాధారణంగా 7 పైనే ఉంటుంది. 7 నుంచి 8కి వెళ్తే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అందుకని బోరు నీళ్ల తొట్టిలో, ముఖ్యంగా ఫిల్టరు కుదురుకునే మొదటి ఐదారు వారాలు, మేత చిటికెడు దాటకూడదు. తోడిన నీళ్లు కూడా గాలి కొట్టి ఒక రాత్రి ఉంచాలి.

నా లెక్కలో పంపా, బోరా అన్నదానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: ఈ వారం పోసిన నీళ్లే వచ్చే వారం కూడా దొరుకుతాయా? చేప శరీరం ఒక నీటికి అలవాటు పడుతుంది, ఆ నీళ్లు ఉన్నట్టుండి మారితే తట్టుకోలేదు. మా పటమట అపార్ట్‌మెంట్‌కి వచ్చాక ఇది నాకు అర్థమైంది. సంపులో మున్సిపల్ నీళ్లూ, బోరూ కలుస్తాయి. సోమవారం వంటింటి కుళాయిలో టీడీఎస్ మీటరు పెడితే 340, గురువారం అదే కుళాయిలో 780. వాచ్‌మన్‌ని అడిగితే, "నిన్న మున్సిపల్ రాలేదమ్మా, బోరు వేశా" అన్నాడు. ఆ నీళ్లు పావు వంతు పోసిన ప్రతిసారీ చేపలు రెండు రోజులు మూలకు చేరేవి. వేసవిలో దీనికి ఇంకొకటి తోడు: మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి.

అందుకే ఇప్పుడు పొద్దున్నే వాచ్‌మన్ మోటారు వేసినప్పుడు, గేటు పక్కన బోరుకి నేరుగా ఉన్న పంపు కింద రెండు బక్కెట్లు పట్టుకుంటున్నాను. ఎనిమిది నెలలుగా ఎప్పుడు కొలిచినా 880కీ 920కీ మధ్యే. గప్పీలు పిల్లలు పెట్టాయి. నేరుగా మున్సిపల్ పంపున్న సొంతిల్లు అయితే మాత్రం రెండో ఆలోచన లేకుండా కృష్ణా నీళ్లే పట్టేదాన్ని.

ట్యాంకరు నీళ్లు ఎక్కడివో ప్రతిసారీ తెలియదు, వద్దు. బందరు కాలవ నీళ్లు సహజమైనవి కదా అని తెచ్చేవాళ్లున్నారు, వాటితో పరాన్నజీవులూ వస్తాయి. వాన నీళ్లకి ఆర్వోకి ఉన్న లోటే ఉంది.

మావాడికి ఇంట్లో నేరుగా మున్సిపల్ పంపుంది. క్యాన్ ఆపమన్నాను, కానీ ఒక్కసారిగా మార్చొద్దన్నాను. అరవై లీటర్ల తొట్టి కాబట్టి రోజు విడిచి రోజు ఐదు లీటర్లు తీసి, నిలవ ఉంచిన పంపు నీళ్లు సన్నటి గొట్టంతో అరగంట పాటు దిగేలా పోస్తున్నాడు. ఇంకా రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా కొత్త చేపలు తేవద్దన్నాను.