ఏ నెలకి ఆ పులుపు: విశాఖలో మేం కొనే రైతుబజార్

ఏడాది పొడవునా ఏ కాలం కూర ఆ కాలంలో తినాలని ఉంది, ఎక్కడ కొనాలి అని విశాఖలో ఎవరడిగినా నేను రైతుబజారే చెప్తాను. ఇంట్లో వండి ఆఫీసులకి కేరేజీలు పంపడం నా పని. రోజూ తాజా కూర కావాలి, నిన్నటిది ఇవాళ వండకూడదు, ఖర్చు చెయ్యి దాటకూడదు. ఈ మూడూ ఒకచోట కుదిరింది మా కాలనీ దగ్గరున్న రైతుబజార్‌లోనే. అక్కడ లోపాలూ ఉన్నాయి, అవీ చెప్తాను.

రైతుబజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. మధ్యలో దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. రైతుకి ఫొటో ఉన్న కార్డు ఇస్తారు, రోజూ పొద్దున్నే గేటు దగ్గర బోర్డు మీద ధరలు రాస్తారు. హోల్‌సేల్ ధర కన్నా కొంచెం ఎక్కువ, బయట బండి మీద కన్నా తక్కువ ఉండేలా ఆ ధర కడతారు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే జనవరిలోనూ జూలైలోనూ అవే బెండకాయలు, అవే బీన్స్, అదే కేప్సికమ్ కనపడతాయి. ఇక్కడ మాత్రం నెల మారితే తట్టల్లో సరుకు మారిపోతుంది.

నాకు ఆ మార్పు బాగా తెలిసేది పప్పులో. మా కేరేజీలో పప్పు తప్పనిసరి. కందిపప్పు ఎప్పుడూ ఒకటే, అందులో పడే పులుపు మాత్రం బజారే నిర్ణయిస్తుంది. ఉగాది ముందు నుంచి పచ్చి మామిడికాయ. ఎండలు ముదిరేసరికి చింతచిగురు. వానలు పడ్డాక వాక్కాయ, గోంగూర. కార్తీకం వచ్చేసరికి పచ్చి చింతకాయ, ఉసిరి. చలికాలం నడిమధ్య నుంచి మాఘం దాటేవరకూ టమాటా. ఈ వరసలో వండితే ఏడాదంతా పప్పు పెట్టినా తినేవాళ్ళకి మొహం మొత్తదు. ఒక ఆఫీసాయన వాక్కాయ పప్పు తిన్నరోజు ఫోన్ చేసి, "అమ్మా, మా ఊళ్ళో మా అమ్మమ్మ చేసేది, మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. వాక్కాయలు ఉన్నన్నాళ్ళూ వారానికోసారి పెట్టాను.

జూలైలో టమాటా మీద బెంగ పెట్టుకోనక్కర్లేదని కూడా ఈ వరసే నేర్పింది. నడివేసవి వేడికి టమాటా పూత రాలిపోతుంది, కాపు తగ్గుతుంది, వానల్లో రవాణా కష్టమవుతుంది, ధర ఎక్కుతుంది. 2023లో అలా ఎక్కినప్పుడు ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకి టమాటాలు అమ్మించింది. జనం ఆ క్యూలో గంటలకొద్దీ నిలబడితే పక్కన వాక్కాయలు, గోంగూర కట్టలు అడిగేవాళ్ళు లేక ఉండిపోయాయి. నాకది చూసి బాధేసింది. పులుపంటే టమాటా ఒకటేనన్న అలవాటు మనకి ఎప్పుడు పట్టిందో!

ఇక అసలు చెప్పాల్సింది, రైతుని ఎలా గుర్తుపట్టాలన్నది. ఇరవై రకాలు నీటుగా పేర్చిన స్టాలు సాధారణంగా వ్యాపారిది. అక్కడ కొంటే తప్పు కాదు, కానీ కాలం తెలీదు. చివరి వరసల్లో గోనెసంచి పరిచి రెండు మూడు రకాలే పెట్టుకుని కూర్చున్నవాళ్ళని చూడండి. ఆనందపురం, సబ్బవరం, పద్మనాభం వైపు నుంచి చీకటితోనే బయల్దేరి వస్తారు. కాయలన్నీ ఒకే సైజులో ఉండవు, ఆకుకూర వేళ్ళకి మట్టి ఉంటుంది. ఎప్పుడు కోశారని అడిగితే ఠక్కున చెప్తారు. ఆ పంట అయిపోతే ఆ మనిషి కొన్ని వారాలు కనపడరు, మళ్ళీ ఇంకో పంటతో వస్తారు. నాకు చిక్కుడుకాయలు ఇచ్చే మామ్మ రథసప్తమి దాటిన కొన్నాళ్ళకి రావడం మానేస్తారు, ఆనపకాయలు దిగాక మళ్ళీ వస్తారు.

మా బజార్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పనసపొట్టు. మాఘం వెళ్ళేసరికి పనస పిందెలు దిగుతాయి. వాటిని కొట్టే ఆవిడ గేటుకి ఎడమపక్క కూర్చుంటుంది. ముందు చేతులకీ కత్తికీ నూనె పూసుకుంటుంది, లేకపోతే జిగురు వదలదు. పైన ముళ్ళ తొక్క చెక్కేసి, ముక్కని చెక్క మీద పెట్టి, కత్తితో టకటకా కొడుతూ ముక్కని తిప్పుతూ ఉంటుంది. పొట్టు అటుకుల్లా రాలుతుంది. ముందే కొట్టి కవర్లలో కట్టినది తీసుకోకండి, కాసేపటికే నల్లబడుతుంది. పిందె చూపించి, అక్కడే నిలబడి కొట్టించుకోండి. ఇంటికొచ్చి పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేయాలి. చింతపండు పులుసు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, దించాక ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుంది. ఆ రోజుల్లోనే పచ్చి జీడిపప్పు కూడా వస్తుంది. దొరికితే నాలుగు గుప్పెళ్ళు ఆ కూరలోనే వేయండి, విడిగా వండక్కర్లేదు.

వానాకాలంలో బోడకాకర కోసం వెళ్ళాలి. మొదటి వానకి దుంప నుంచి తీగ లేస్తుంది కాబట్టి ఆషాఢం ముందు దొరికేది చాలా తక్కువ, ధర చూస్తే గుండె ఆగుతుంది. రెండు వారాలు ఓపిక పట్టండి, సగానికి దిగుతుంది. కాయ ఆకుపచ్చగా ఉండాలి, ముళ్ళు వేలికి మెత్తగా తగలాలి. పసుపు తిరిగితే లోపల గింజ ఎర్రబడి గట్టిపడినట్టే. ఏరుకోనివ్వరని ఊరుకోకండి, మర్యాదగా అడిగితే రైతులు ఏరుకోనిస్తారు.

దసరా రోజుల్లో ఏజెన్సీ (మన్యం కొండల) నుంచి సీతాఫలాలు దిగుతాయి. కళ్ళ మధ్య సందులు విచ్చుకుని తెల్లబడిన కాయ తీసుకుంటే ఇంట్లో పండుతుంది, బిగుసుకుని ఉన్నది ఎన్నాళ్ళు ఉంచినా ఎండిపోతుందే తప్ప పండదు. కార్తీకంలో కంద, పెండలం. సంక్రాంతికి గుమ్మడికాయ, రేగుపళ్ళు, తేగలు, అనకాపల్లి కొత్త బెల్లం. పచ్చి కందికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టి కేరేజీతో పాటు పొట్లం కట్టి పంపిస్తే, ఆ రోజు డబ్బాలు ఖాళీగా, తుడిచినట్టు తిరిగొస్తాయి. వేసవిలో సువర్ణరేఖ మామిడిపళ్ళు, ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి, కలెక్టర్ రకం మామిడికాయలు. పండ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. కార్బైడ్‌తో పండించడం నిషేధమే, అయినా అంతటా ఒకే పసుపు రంగు తిరిగి, తొడిమ దగ్గర వాసనే లేని పండు ఎక్కడ కనపడినా వదిలేయండి. నేను పచ్చి కాయలే కొని గడ్డిలో వేసుకుంటాను.

ఇప్పుడు లోపాలు. మా బజార్‌లో రైతు కార్డు పెట్టుకుని హోల్‌సేల్ సరుకు అమ్మేవాళ్ళు ఉన్నారు, ఇది అందరికీ తెలిసిన సంగతే. బోర్డు మీద ఒక ధర, స్టాలు దగ్గర ఇంకో ధర చెప్తే బోర్డు చూపించండి, సాధారణంగా తగ్గుతారు. మధ్యాహ్నం వెళ్తే మిగిలింది ఏరుకోవడమే. ఆరున్నర లోపు వెళ్ళాలి, ఏడున్నర దాటితే ఆకుకూరల్లో మంచి కట్టలు ఉండవు. వానొస్తే కాలవ పొంగి చివరి వరసల్లోకి నీళ్ళొస్తాయి. సరిగ్గా అసలైన రైతులు కూర్చునే చోటే అది. స్కూటర్లు లోపలికి తోలుకొచ్చేస్తారు, ముసలివాళ్ళకి నడవడం కష్టం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఆ తట్టలు మోసుకొచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. చీకటితో బయల్దేరి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. వాళ్ళకి తలుపు సరిగ్గా పడే మరుగుదొడ్డి లేదు. చిక్కుడుకాయల మామ్మ పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు, ఎందుకో అడిగితే నవ్వి ఊరుకుంటారు. చివరి వరసల మీద రేకుల కప్పు, ఆ పక్కనే ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి కావాలని కాగితం రాసి బజారు ఆఫీసులో ఇచ్చాను. మీరూ అక్కడ కొనేవాళ్ళయితే ఈ వారం వెళ్ళినప్పుడు ఒక కాగితం రాసి ఇవ్వండి.