ఉప్పాడ, కోరంగి: రెండూ ఒకే రోజు చూడండి

కాకినాడ వెళ్తే ఉప్పాడని, కోరంగిని ఒకే రోజు చూడండి. ఒకచోట సముద్రం ఊరిని తినేస్తోంది, ఇంకోచోట మడ అడవి సముద్రానికి అడ్డుగా నిలబడింది. వెంటవెంటనే చూస్తేనే ఆ తేడా మనసుకెక్కుతుంది.

ముందు ఉప్పాడ. బీచ్ రోడ్డు పక్కన పేర్చిన బండరాళ్ల మీదుగా అలలు ఎగిరి రోడ్డు మీద పడుతుంటాయి. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం పిఠాపురం మీదుగా వెళ్లడం మేలు. పిల్లలతో స్నానాలకు దిగే బీచ్ కాదిది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు "మా పాత ఇల్లు అదిగో, అక్కడుండేదండి" అని చెయ్యి చూపించారు. చూపించిన చోట నీళ్లే ఉన్నాయి. గోదావరి మీద ఆనకట్టలు కట్టాక తీరానికి చేరే ఇసుక తగ్గిపోయింది, కోత ఆగడం లేదు. తుఫాను వెలిశాక ఇక్కడి జనం ఇసుకలో బంగారు రేణువులు వెతుక్కుంటారు. మునిగిపోయిన ఇళ్లవి, గుళ్లవి అని వాళ్ల నమ్మకం. టీవీల్లో దాన్ని వింతగా చూపిస్తారు. అక్కడ నిలబడి చూస్తే గుండె బరువెక్కింది.

చీర కొనాలంటే నేతగాళ్ల ఇళ్లకే వెళ్లండి. ఉప్పాడ జాందానీ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరగేసి చూస్తే బుటా రెండువైపులా ఒకేలా కనిపించాలి.

కోరంగి యానాం రోడ్డులో ఉంది. 1839 తుఫానుకి ఇక్కడి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఆటు సమయంలో, నీరు వెనక్కి తగ్గినప్పుడు చెక్క వంతెన మీద నడవండి: బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చే వేర్లు, పీతలు, బురదలో గెంతే చేపలు అప్పుడే కనిపిస్తాయి. బోటుకి మాత్రం పోటు కావాలి, కాబట్టి టైమింగ్స్ ముందే కనుక్కోండి. ఈ యాత్రలో డబ్బుకి తగిన విలువ ఉన్నది ఈ నడకకే.

బస కాకినాడలోనే. "సముద్రం కనిపించే గది" అని మా దగ్గర ఎక్కువ తీసుకున్న లాడ్జిలో కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడే కనిపించింది. గది చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

హోప్ ఐలాండ్ గురించి చాలామంది అడుగుతున్నారు. గోదావరి ఇసుకతో పెరిగిన ఆ దిబ్బే కాకినాడ రేవుకి అలల నుంచి కాపు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బోటు దొరికినా వెళ్లొద్దనే నా మాట.